1967 నాటి కార్లతో స్లాట్ రేసు, నెల్లూరు: మాగ్నెట్, టైర్లు, వోల్టేజీ ఎట్టా పెట్టాలి?

పెన్నాతీరం (నెల్లూరు)

అన్నలందరికీ నమస్తే. డిసెంబరు ఆఖరి ఆదివారం పాతకాలం కార్ల థీముతో క్లబ్బు స్లాట్ రేసు (ట్రాకు గాడిలో నడిచే చిన్న కరెంటు కార్ల పందెం) పెడదామనుకుంటున్నాం. ధనుర్మాసంలో పెళ్ళిళ్ళు ఉండవు గనక మినీ బైపాస్ పక్కన చిన్న ఫంక్షన్ హాలు తక్కువకే ఇస్తామన్నారు. ఉదయం 9 నుంచి సాయంత్రం 6 వరకు మాదే.

ఉన్న సరంజామా ఇదీ. కరెరా అనలాగ్ ట్రాకు, నాలుగు లేన్లు, లోపలి లేను దాదాపు 17 మీటర్లు. పవరు మాత్రం సెట్టుతో వచ్చిన 14.8 వోల్టుల అడాప్టర్లే, రెండు లేన్లకు ఒకటి చొప్పున. కంట్రోలర్లు (చేత్తో వేగం సర్దే ట్రిగ్గర్లు) కలగాపులగం. ల్యాపుల లెక్కకు ఒక పాత ల్యాప్‌టాప్, ఆర్డ్యుయినో (చిన్న సర్క్యూట్ బోర్డు), స్లాటులో అంటే గాడిలో ఐఆర్ (ఇన్ఫ్రారెడ్) సెన్సార్లు, సాఫ్ట్‌వేరు రేస్ కోఆర్డినేటర్. మొత్తం 12 మంది. అందులో ఒంగోలు, కావలి వాళ్ళూ ఉన్నారు.

కార్లన్నీ 1/32 స్కేలు, అంటే అసలు కారులో 32వ వంతు. స్కేలెక్స్‌ట్రిక్ వాళ్ళ లోటస్ 49, జీటీ40, లోటస్ కార్టినా, మినీలు ఎక్కువ. ఇద్దరి దగ్గర థండర్‌స్లాట్ లోలా టీ70లు ఉన్నాయి. ఒకాయన ఎన్ఎస్ఆర్ కంపెనీ పోర్షే 917 తెస్తానంటున్నాడు. అవొస్తే జీటీ40 వాళ్ళు ఊరికే చూస్తూ నిలబడాల్సిందే, అది ఎట్టా సర్దాలి? కారుని పట్టాలకి లాగి పట్టే అడుగు మాగ్నెట్ తీసేయమంటే కొత్తవాళ్ళు ప్రతి మలుపులోనూ బయటికి పోతారేమోనని ఇంకో అనుమానం. టైర్లు సిలికానా, యూరిథేనా? వోల్టేజీ ఎంత? మూడు క్లాసులు ఒక్క రోజులో అవుతాయా? ఇంకోటి, అంబాసిడర్, ఫియట్ లాంటి మన కార్లతో ఒక క్లాసు పెట్టాలని అందరికీ ఉంది, అది ఎట్టా కట్టాలో తెలిసినవాళ్ళు చెప్పండి.

రెండోలేను (కావలి)

ముందు క్లాసులు తేల్చుకోండి, మిగతావన్నీ దాన్నిబట్టి వస్తాయి. "పాత కార్లు" అని వదిలేస్తే ఒకాయన 1985 గ్రూప్ సీ పోర్షే పట్టుకొస్తాడు, కాదనడానికి మీ దగ్గర రూలుండదు. సంవత్సరం రాయండి.

సింగిల్ సీటర్లకి 1967 ఆఖరు. ఆ హద్దుకి అర్థం ఉంది. ఫార్ములా వన్‌లో రెక్కలు మొదలైంది 1968లో, సిగరెట్ కంపెనీ రంగులు లోటస్‌కి వచ్చిందీ అదే ఏడు. కాబట్టి ఆకుపచ్చ మీద పసుపు గీతున్న లోటస్ 49 ఈ క్లాసులోకి వస్తుంది, ఎరుపు-బంగారు గోల్డ్ లీఫ్ రంగులేసిన అదే కారు రాదు. కారు ఒకటే అయినా రంగు ఏడాది చెప్పేస్తుంది. స్పోర్ట్స్ కార్లకి 1971 వరకు పెట్టండి. జీటీ40 లెమాన్ 24 గంటల రేసు గెలిచింది 1966 నుంచి 69 వరకు, 917 గెలిచింది 1970, 71. ఇవీ, ఫెరారీ 330 పీ4, లోలా టీ70 అన్నీ అందులో ఇముడుతాయి. మూడోది సెలూన్లు: కార్టినా, మినీ, మీ అంబాసిడర్లు.

థండర్‌స్లాట్, ఎన్ఎస్ఆర్ సంగతి. వాటి చాసీ, ఇరుసులు, రిమ్ములు పెట్టెలోంచి తీసేటప్పటికే సూటిగా ఉంటాయి. స్కేలెక్స్‌ట్రిక్ కారుని ఆ స్థాయికి తేవాలంటే చాలా పని. రెండింటినీ ఒకే క్లాసులో వేస్తే డ్రైవరు చెయ్యి ఎంత మంచిదైనా ఫలితం ముందే తెలిసిపోతుంది. వాటిని వద్దనడం కన్నా బ్రేకవుట్ టైము పెట్టడం మేలు. ప్రాక్టీసులో ఒక మధ్యరకం డ్రైవరుకి బాగా సర్దిన జీటీ40 ఇచ్చి నాలుగు లేన్లలోనూ నడిపించండి. ప్రతి లేనులో అతని బెస్ట్ టైము తీసుకుని, దాంట్లోంచి పదో వంతు సెకను తగ్గించండి. ఆ లేనుకి అదే హద్దు. అంతకన్నా వేగంగా తిరిగిన ల్యాపు లెక్కలోకి రాదు. అప్పుడు లోలా వాళ్ళు తగ్గి నడపాలి, జీటీ40 వాళ్ళు పొరపాటు లేకుండా నడపాలి.

మాగ్నెట్ తీసేయాల్సిందే, అక్కడ మొహమాటం వద్దు. మాగ్నెట్ ఉన్నప్పుడు కారు పట్టాలకి అతుక్కుని పోతుంది, పట్టు తప్పిందంటే ఒక్కసారిగా ఎగిరిపోతుంది. లేకపోతే వెనక భాగం మెల్లగా జారుతుంది, జారేది కంటికి కనిపిస్తుంది, వేలు సర్దుకోవడానికి టైముంటుంది. పాత కార్ల రేసు అందమంతా ఆ జారుడులోనే ఉంది. కొత్తవాళ్ళు బయటికి పోయేది మాగ్నెట్ లేక కాదు, 14.8 వోల్టుల వల్ల. మాగ్నెట్ తీసిన కారుకి అది చాలా ఎక్కువ.

లెక్క చూడండి. 12 వోల్టులకి నిమిషానికి 18,000 చుట్లు తిరిగే మోటారు, దానికి 9 పళ్ళ పినియన్ (చిన్న గేరు), ఇరుసుకి 27 పళ్ళ క్రౌన్ గేరు అంటే చక్రం నిమిషానికి 6,000 చుట్లు. 20 మి.మీ. టైరు చుట్టుకొలత 63 మి.మీ. బరువు లేకుండా తిరిగితే సెకనుకి 6.3 మీటర్లు. 9.5 వోల్టులకి దించితే అది 5కి వస్తుంది. 14.8 దగ్గర 7.7 దాటుతుంది. మీ ట్రాకులో పొడుగు స్ట్రెయిట్ మూడు నాలుగు మీటర్లకి మించి ఉండదు కదా, ఆ వేగంతో చేసేదేముంది? 9.5తో మొదలుపెట్టండి. సింగిల్ సీటర్లు తేలిక కాబట్టి వాటికి 9 చాలు.

టైర్ల విషయంలో నా ఓటు యూరిథేన్‌కే. సిలికాన్ కూడా పట్టు బాగానే ఇస్తుంది, కానీ ట్రాకు అద్దంలా శుభ్రంగా ఉంటేనే. ఫంక్షన్ హాల్లో తలుపులు తీసి ఉంటాయి, దుమ్ము పడుతూనే ఉంటుంది, సిలికాన్ మొత్తం ఏరుకుంటుంది. పైగా సిలికాన్ నడిచిన దారిలో జిడ్డు లాంటి పొర మిగులుతుంది, తర్వాత దానిమీద రబ్బరు టైరు జారుతుంది. ఏదైనా సరే, రెండు రకాలు ఒకే ట్రాకు మీద కలపొద్దు. కంపెనీని కట్టడి చెయ్యొద్దు, ఒక్కో కారు రిమ్ము ఒక్కో కొలత, అందరికీ ఒకే టైరు ఎక్కదు. పదార్థాన్ని మాత్రం కట్టడి చెయ్యండి.

టైరు కొని ఎక్కించేస్తే అయిపోదు, అరగదీయాలి. రిమ్ముకి సూపర్ గ్లూ పలచగా రాసి టైరు అతికించాలి. (సిలికాన్ టైరుకి సూపర్ గ్లూ పట్టదు, సిలికాన్ సీలెంటు వాడాలి.) ఆరాక సమతలంగా ఉన్న దానిమీద 180 నంబరు గరుకు కాగితం అతికించి, బ్రెయిడ్లకి (కారు కింద ఉండి పట్టాల నుంచి కరెంటు తీసుకునే లోహపు అల్లికలు) 4-5 వోల్టులిచ్చి, కారు వెనక భాగాన్ని కాగితం మీద ఆనీ ఆననట్టు పట్టుకోండి. ఒక్కో విడత 15 సెకన్లు, అంతే. ఎక్కువసేపు ఆపితే మోటారు వేడెక్కుతుంది, యూరిథేన్ కరిగి పొక్కులొస్తాయి. కాగితం మీద నాలుగు చుక్కల నీళ్ళు పెడితే ఆ బాధ తగ్గుతుంది. టైరు వెడల్పంతా ఒకే రంగుకి వచ్చాక 400 కాగితంతో ఒకసారి, ఆఖరున బయటి అంచు కొంచెం గుండ్రంగా. ఆ పదును అంచు ఉంచేస్తే కారు జారకుండా పట్టేసి పల్టీ కొడుతుంది.

ముందు టైర్లకి దీనికి తలకిందులు, పట్టు ఉండకూడదు. రంగులేని నెయిల్ పాలిష్ రెండు పూతలు వెయ్యండి. ముందు చక్రాలు పట్టుకుంటే గైడుని (గాడిలో దిగి కారుకి దారి చూపే పలక) స్లాటులోంచి పైకి నెడతాయి.

బరువు: తీసేసిన మాగ్నెట్ స్థానంలో, అంటే వెనక ఇరుసుకి ముందు, మధ్య గీత మీద 5 గ్రాములు. గైడు వెనక 3 గ్రాములు. టైర్ల షాపుల్లో వీల్ బ్యాలెన్సింగ్‌కి వాడే అతికించే ముక్కలు 5 గ్రాములవి దొరుకుతాయి, కత్తిరించుకోవచ్చు. వెనక ఇరుసుకి వెనకాల మాత్రం ఒక్క గ్రాము కూడా పెట్టొద్దు, మలుపులో తోక తిప్పేస్తుంది. బాడీ స్క్రూలు పూర్తిగా బిగించి, అక్కడినుంచి అర చుట్టు వెనక్కి తిప్పండి. కారు చేత్తో ఊపితే బాడీ టకటకమనాలి. అట్టా ఉంటే చాసీ పడే కుదుపు బాడీకి ఎక్కదు.

గెలాక్సీ బ్లాక్ (ఒంగోలు)

టైర్లు, మాగ్నెట్ విషయంలో పై అన్న చెప్పినదానితో ఏకీభవిస్తాను. బ్రేకవుట్‌తో మాత్రం పూర్తిగా కాదు, అది కిందకి వస్తాను. ముందు కరెంటు, ఎందుకంటే మీ రేసు పాడైతే దానివల్లే పాడవుతుంది.

రెండు లేన్లకు ఒక చిన్న అడాప్టరు అంటే, ఒకటో లేను కారు బయటపడగానే రెండో లేనుకి వోల్టేజీ ఎగురుతుంది. అది మలుపులో ఉంటే అదీ బయటికే. డ్రైవరు తన తప్పనుకుంటాడు. ఆ అడాప్టర్లు పక్కన పెట్టేయండి. సీసీ కెమెరాల షాపులో 12 వోల్టుల 10 ఆంపుల ఎస్ఎంపీఎస్ (ఇంటి కరెంటుని 12 వోల్టులకి మార్చే డబ్బా) రెండు తీసుకోండి, రెండేసి లేన్లకు ఒకటి. దాని ఔట్‌పుట్ నుంచి ఒక్కో లేనుకి ఒక్కో బక్ కన్వర్టర్ మాడ్యూలు (వోల్టేజీ తగ్గించే చిన్న బోర్డు), 5 ఆంపులది. మాడ్యూలు మీదున్న చిన్న స్క్రూ తిప్పి 9.5కి పెట్టుకోవచ్చు. మాగ్నెట్ లేని కారు నడిచేటప్పుడు అర ఆంపు చుట్టుపక్కల తాగుతుంది, బయల్దేరేటప్పుడు ఒకటి రెండు ఆంపులు లాగుతుంది, అంటే చాలినంత మిగులుంటుంది. లేనుకి 3 ఆంపుల ఫ్యూజు తప్పనిసరి. బ్రెయిడు వెంట్రుకలు రెండు పట్టాల మీదా పడి షార్టయితే మాడ్యూలు పోకుండా ఫ్యూజు పోవాలి. ఎస్ఎంపీఎస్ మీద 230 వోల్టుల స్క్రూలు బయటికే ఉంటాయి, పిల్లలొచ్చే చోట. మూత వెయ్యండి, ఎర్త్ కలపండి.

వోల్టేజీ ఖాళీ ట్రాకు మీద కొలిస్తే ఉపయోగం లేదు, ఎప్పుడూ సరిగ్గానే చూపిస్తుంది. బైకు ఇండికేటరు బల్బు, 12 వోల్టుల 21 వాట్లది, రెండు వైర్లతో తీసుకుని పట్టాల మధ్య పెట్టండి. ఒకటిన్నర ఆంపు దాకా లాగుతుంది. పవరు ఇచ్చే చోట ఒకసారి, దానికి ఎదురు మూలలో ఒకసారి మల్టీమీటరుతో చూడండి. తేడా 0.3 వోల్టులు దాటిందంటే ఆ మధ్యలో ఏదో జాయింటు వదులు. 17 మీటర్లకి నాలుగు చోట్ల పవరు ట్యాపులుండాలి, 1.5 స్క్వేర్ వైరుతో, ట్రాకు కింద నుంచి. మీ ట్రాకు కరెరా కావడం అదృష్టం, పట్టాలు స్టెయిన్‌లెస్ స్టీలు. మన సముద్రపు గాలికి వేరే రకం స్టీలు పట్టాలైతే ఒక వాన కాలానికే తుప్పు రేగుతుంది. అయినా ముందురోజు ఐసోప్రొపైల్ ఆల్కహాలు తడిపిన గుడ్డతో ఒకసారి తుడవండి.

కంట్రోలర్లు కలగాపులగమంటున్నారు. ఈ వోల్టేజీకి, ఈ మోటార్లకి రెసిస్టర్ రకం అయితే 45 నుంచి 60 ఓములు. 25 ఓములది పెడితే ట్రిగ్గరు కొంచెం నొక్కగానే కారు పూర్తి వేగం అందుకుంటుంది, మెల్లగా నడపడం కుదరదు. ప్రతి లేనుకి కంట్రోలరు కట్టేసి ఉంచండి, మనుషులు మారాలి, కంట్రోలర్లు కాదు. బ్రేకు నాలుగు లేన్లకీ ఉండాలి, లేకపోతే నాలుగింటికీ తీసేయాలి. మూడు వైర్ల కంట్రోలరుకి వాడుక రంగులు: తెలుపు సప్లైకి, నలుపు ట్రాకుకి, ఎరుపు బ్రేకుకి. ఎరుపుని అలవాటుకొద్దీ ప్లస్‌కి కలిపేవాళ్ళు ఉంటారు, ట్రిగ్గరు వదిలినా కారు ఆగదు, అక్కడే తెలిసిపోతుంది.

షామియానా వాళ్ళ టేబుళ్ళు అద్దెకి తెస్తారేమో, ఏ రెండూ ఒక ఎత్తు ఉండవు. కాళ్ళు కేబుల్ టైలతో ఒకదానికొకటి కట్టి, కాళ్ళకింద అట్టముక్కలు పెట్టి, పైన ప్లైవుడ్ పరిచి దానిమీద ట్రాకు. ట్రాకు జాయింటు టేబుళ్ళ సందు మీదకి రాకుండా ఒక ముక్క అటో ఇటో జరపండి. మార్షల్ (బయటపడ్డ కార్లను తిరిగి పెట్టేవాడు) మోకాలు తగిలితే కూడా ట్రాకు విడిపోకూడదు.

సెన్సార్లు: డిసెంబరులో మధ్యాహ్నం మూడు దాటితే పడమటి కిటికీల్లోంచి ఎండ ఏటవాలుగా పడుతుంది. ఐఆర్ రిసీవర్ ఎండకి గుడ్డిదవుతుంది, ల్యాపులు ఎగిరిపోతాయి. సెన్సారు ఉన్న ముక్క మీద అట్టతో వంతెన కట్టి లోపల నల్లరంగు పూయండి. డన్‌లప్ వంతెనలా (లెమాన్ ట్రాకు మీది ప్రసిద్ధ వంతెన) పైన రంగులేస్తే థీముకీ పనికొస్తుంది. సాఫ్ట్‌వేరులో కనీస ల్యాపు టైము 3 సెకన్లు పెడితే రెండుసార్లు లెక్కపడే బాధ ఉండదు. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద నడవాలి, ఆర్డ్యుయినో దాని యూఎస్‌బీ నుంచి. కరెంటు పోయి జెనరేటరు అందుకునేదాకా లెక్క పోకుండా అదొక్కటే కాపాడుతుంది.

కారు సర్దడానికి ఒక చిట్కా, మన జిల్లా సరుకే. చీమకుర్తి గ్రానైటు పాలిష్ ముక్క, 20 సెం.మీ. పొడుగు 10 వెడల్పు, కటింగ్ చేసేచోట వృథా ముక్కల్లో దొరుకుతుంది. మధ్యలో మార్బుల్ కట్టరుతో పక్కపక్కనే రెండు గీతలు లాగిస్తే 3 మి.మీ. దాటిన గాడి పడుతుంది, లోతు 10 మి.మీ. గైడు ఆ గాడిలో దింపి కారు పెట్టండి. నాలుగు చక్రాలూ ఆనాలి, గైడు పైభాగం రాయికి సమంగా ఉండాలి. వెనక చక్రాలు రెండూ ఆని ముందుది ఒకటి గాల్లో ఉంటే చాసీ మెలి తిరిగినట్టు. ప్లాస్టిక్ చాసీ అయితే రాయికి టేపుతో సమంగా బిగించి, వేడి నీళ్ళలో ఒక నిమిషం ముంచి, తీసి అలాగే చల్లారనిస్తే సరైపోతుంది. మోటారు, గేర్లు తీసేసి ముంచాలని వేరే చెప్పక్కర్లేదు.

ఇక బ్రేకవుట్. లెక్కలో బాగుంటుంది, నడిపేవాడికి విసుగు. కంప్యూటరు వంక చూస్తూ నడపాలి. దానికన్నా స్పోర్ట్స్ క్లాసుకి నాలుగు ఒకేరకం జీటీ40లు క్లబ్బే ఇవ్వాలి, లేనుకొకటి, కారు ఆ లేను వదలదు. అందరూ నాలుగింటినీ నడుపుతారు కాబట్టి ఒకటి కొంచెం మందంగా ఉన్నా అందరికీ సమానమే. లోలాలు, 917లు విడిగా పది నిమిషాలు ప్రదర్శన తిప్పుకోవచ్చు.

రెండోలేను (కావలి)

నాలుగు జీటీ40లు ఒకే స్థాయిలో సర్ది పెట్టేవాళ్ళుంటే మీరన్నదే మేలు. కానీ నాలుగూ ఒకరివే అయితే రేసు అయ్యాక ఆ మనిషి మొహం చూడలేం. సొంత కారు నడపాలనే ముచ్చటతో వచ్చేవాళ్ళకి సొంత కారు ఇవ్వకపోతే ఇంకెందుకు? ఒకేరకం కార్లు పిల్లలకి, కొత్తవాళ్ళకి పెట్టండి. ఆ నాలుగింటికి మాగ్నెట్ ఉంచి 8 వోల్టులకి దించితే ఎనిమిదేళ్ళ పిల్ల కూడా ల్యాపు పూర్తి చేస్తుంది.

పెన్నాతీరం (నెల్లూరు)

ఇద్దరికీ చాలా థ్యాంక్స్ అన్నా. స్పోర్ట్స్‌కి బ్రేకవుట్ పెట్టి, పిల్లలకి ఒకేరకం మినీలు ఇస్తాం. మాగ్నెట్ తీశారో లేదో తనిఖీ ఎట్టా? కింద గుండుసూది పెడితే మోటారు మాగ్నెట్ కూడా లాగుతుంది కదా. అంబాసిడర్ గురించి ఎవరూ చెప్పలేదు. టైమ్‌టేబులూ కావాలి.

షోలవరం స్ట్రెయిట్ (కోవూరు)

తనిఖీకి చాసీ కింద మాగ్నెట్ గూడు ఖాళీగా కనిపించాలి, లేదా అందులో సీసం కనిపించాలి. టేపు అతికించి మూసి ఉంటే టేపు తీయించండి. ఇంకా చూడాల్సినవి: పైనుంచి చూస్తే టైరు మడ్‌గార్డు దాటి బయటికి రాకూడదు, మోటారు డబ్బా విప్పిన ఆనవాలుండకూడదు, లోపల డ్రైవరు బొమ్మ, అద్దాలు, మూడు నంబర్లు ఉండాలి. తనిఖీ అయిన కార్లు ఒక టేబుల్ మీదే ఉంచండి. నూనె ఎక్కువ పోసిన కార్లను కూడా అక్కడే పట్టుకోండి. బుష్‌కి ఒక్క చుక్క చాలు. ఎక్కువైతే ఇరుసు వెంట పాకి వెనక టైరు మీదకి చిమ్ముతుంది, ఆ కారే కాదు, వెనకొచ్చేవన్నీ అదే మలుపులో జారతాయి. మధ్యాహ్నం మలై కాజా పంచే ఆలోచనుంటే చేతులు కడుక్కునే ఏర్పాటూ చూడండి, నెయ్యి చేత్తో టైరు పట్టుకున్నా అదే ఫలితం.

అంబాసిడర్-ఫియట్ క్లాసు. థీము వెతుక్కోనక్కర్లేదు, మనకి పక్కనే ఉంది. నెల్లూరు నుంచి మద్రాసు పోయే జీఎన్టీ రోడ్డు పక్కన షోలవరం, రెండో ప్రపంచ యుద్ధం నాటి రన్‌వే. 1953లో పుట్టిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ అక్కడే ఏళ్ళ తరబడి రేసులు నడిపింది. 1990లో శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగట్టుకోట్టై ట్రాకు వచ్చేవరకు దక్షిణాదిలో కారు రేసంటే అదే. సెలూన్ క్లాసుకి "షోలవరం" అని పేరు పెట్టేయండి.

కొలతలు 1/32కి: అంబాసిడర్ వీల్‌బేస్ 2464 మి.మీ., అంటే 77. ఫియట్ 1100, తర్వాతి పద్మిని, 2340, అంటే 73. స్టాండర్డ్ హెరాల్డ్ 2324, అంటే 72.6. వెడల్పులో అంబాసిడర్‌ది సుమారు 52 మి.మీ., పద్మినిది 46 లోపే. ఈ 46 దగ్గరే చిక్కు. టైర్ల మధ్య మోటారు, గేరు పట్టాలి. సైడ్‌వైండర్ (మోటారు అడ్డంగా ఉండే అమరిక) పెడదామంటే స్థలం చాలదు. ఇన్‌లైన్ మోటారే (నిలువుగా పెట్టేది) దారి, అదీ సన్న రకం ఎఫ్ఎఫ్-050. అంబాసిడర్‌లో మాత్రం ఏదైనా పడుతుంది, బానెట్టు నుంచి డిక్కీ దాకా అంతా చోటే.

బాడీకి బజారులో దొరికే ప్లాస్టిక్ బొమ్మ కారు పనికొస్తుంది, కానీ పెట్టె మీద రాసిన స్కేలు నమ్మకండి. స్కేలు పట్టుకెళ్ళి ఇరుసుల మధ్య కొలిచి 75-79 మధ్య ఉంటేనే తీసుకోండి. మెటల్ బొమ్మలు అసలొద్దు, పైకప్పు బరువుకి మొదటి మలుపులోనే దొర్లుతుంది. బొమ్మ ప్లాస్టిక్ గోడలు మందంగా ఉంటాయి, లోపలి వైపు నుంచి కప్పు, స్తంభాలు, బానెట్టు పలచబడేదాకా గీకండి. సీట్లు, డ్యాష్‌బోర్డు తీసేసి పలచని ప్లాస్టిక్ షీటు మీద డ్రైవరుని నడుం పైకి మాత్రం పెట్టండి. మొత్తం కారు 75 నుంచి 85 గ్రాములు, అందులో బాడీ 20 దాటకూడదు.

చాసీకి సులువైన దారి వీల్‌బేస్ సర్దుకునే రకం, స్లాట్ డాట్ ఇట్ వాళ్ళ హెచ్ఆర్ఎస్ లాంటిది. లేదా 3డీ ప్రింట్ చేయించడం. ఇరుసు 3/32 అంగుళం, అంటే 2.38 మి.మీ. ప్రింట్ చేసేవాడికి రంధ్రం 2.4 అని చెప్తే పనికిరాదు. ఇత్తడి బుష్ పట్టేంత రంధ్రం ఉంచి, బుష్ అతికించి, అందులో ఇరుసు తిరగాలి. పీఎల్ఏ ప్లాస్టిక్కుతో ప్రింట్ చేస్తే మోటారు వేడికి పట్టు సడలి గేరు దూరమవుతుంది, పీఈటీజీ అడగండి. మోటారు విషయంలో ఒక జాగ్రత్త: బొమ్మల షాపుల్లో దొరికే 130 మోటార్లు 3 నుంచి 6 వోల్టులవి. 9.5 ఇస్తే మొదటి హీటులో (రేసులో ఒక విడత) అదరగొడతాయి, రెండో హీటుకి బ్రష్‌లు కాలిపోతాయి. 12 వోల్టులదని రాసి ఉన్నదే వాడండి.

గైడు ఎంత ముందుకి ఉంటే అంత మంచిది. అంబాసిడర్ ముక్కు పొడుగు కాబట్టి ముందు ఇరుసుకి 15 మి.మీ. ముందు పెట్టొచ్చు. పద్మినిలో 10 దొరికితే గొప్ప. గైడుకి వచ్చే వైర్లు మెత్తని సిలికాన్ తొడుగు రకం ఉండాలి. బిరుసు వైరు గైడుని ఒక పక్కకే లాగుతూ ఉంటుంది, కారు కుడి మలుపుల్లో బాగా, ఎడమ మలుపుల్లో దరిద్రంగా పోతుంటే మొదట అనుమానించాల్సింది దాన్నే.

అలంకరణలో గడ్డి మోపులు పెట్టాలనిపిస్తుంది, ఆ కాలం ట్రాకుల్లో హద్దులవే. అసలు గడ్డి, కొబ్బరి పీచు వాడొద్దు, పోగులు రాలి ఇరుసులకి చుట్టుకుంటాయి. థర్మాకోల్ పూసలు స్లాటులో పడతాయి. ఈవా (మెత్తని ఫోము) షీటు 28×14 మి.మీ. ముక్కలు కోసి గోధుమరంగు పూస్తే చాలు, కారు గుద్దుకున్నా దెబ్బ తగలదు.

టైమ్‌టేబుల్: 12 మంది, నాలుగు లేన్లు. హీటు 3 నిమిషాలు, మార్పులకి 2. హీటుకి ఒకరు దిగుతారు, ఒకరు ఎక్కుతారు, ఎక్కినవాళ్ళు 1, 3, 4, 2 లేన్ల వరసలో మారుతూ బయటికి వస్తారు. ఆఖరివాళ్ళ దగ్గర మొదటివాళ్ళు మళ్ళీ కలిసి చక్రం మూసుకుంటే క్లాసుకి 12 హీట్లు, ఒక గంట. ఖాళీగా ఉన్న ఎనిమిది మందిలో నలుగురు మార్షల్స్, ఒకరు కంప్యూటరు దగ్గర. మార్షల్ పని ఎగస్ట్రా కాదు, దిగిన వెంటనే నాలుగు హీట్లు నిలబడాలి, లేకపోతే ఒక ల్యాపు కోత అని ముందే చెప్పండి. హీటు ముగిసి పవరు ఆగినచోటే కార్లు ఉంచి, అక్కడే వరసలో తర్వాతి లేనులోకి మార్చండి, సగం ల్యాపులు పోవు.

మూడు క్లాసులకి మూడు గంటలు, తనిఖీకి గంట, భోజనాలకి గంట, పిల్లలకి అరగంట. 9కి హాలు తెరిచి ట్రాకు పరిస్తే 11 అవుతుంది, సాయంత్రం విప్పడానికి గంట. లెక్కలో ఐదున్నరకి తెగుతుంది, మిగిలేది అరగంటే, అంటే నిజానికి తెగదు. ముందురోజు సాయంత్రమే తాళాలు అడగండి. ధనుర్మాసంలో హాలు ఎలాగూ ఖాళీయే. ఆ దొరికిన రెండు గంటల్లో అరగంట తప్పకుండా ఓపెన్ ప్రాక్టీసుకి ఇవ్వండి. ట్రాకు మీద టైరు పదార్థం పట్టేదాకా పట్టు పెరుగుతూనే ఉంటుంది, ప్రాక్టీసు లేకుండా మొదలెడితే మొదటి హీటు వాళ్ళకి అన్యాయం. బ్రేకవుట్ టైము కూడా ఆ అరగంట చివర్లో తీయాలి, మొదట్లో తీస్తే పదకొండింటికల్లా అందరూ దాన్ని దాటేస్తారు.

పెన్నాతీరం (నెల్లూరు)

పద్మిని బొమ్మ బాడీకి రంగు కొత్తగా వేశారు మా వాళ్ళు, నంబర్లు ప్రింటు స్టిక్కర్లు. కారు లేను మారినప్పుడల్లా లేను రంగు స్టిక్కరు అతికించి పీకుతుంటే పెయింటు ఊడదా?

గెలాక్సీ బ్లాక్ (ఒంగోలు)

ఊడుతుంది, ముఖ్యంగా స్ప్రే వేసి వారం కాకపోతే. స్టిక్కరు వెనక అద్దం మీద అతికించండి, బాడీ మీద కాదు. అద్దం లేని సింగిల్ సీటర్లకి డ్రైవరు హెల్మెట్ మీద చిన్న చుక్క. మాస్కింగ్ టేపు రంగులవి స్టేషనరీ షాపుల్లో దొరుకుతాయి, 8 మి.మీ. చదరాలుగా ముందే కోసి నాలుగు రంగులూ కంట్రోలర్ల పక్కన పెట్టుకోండి. అదే టేపు చుట్ట మీద జిగురు వైపు ప్రతి హీటుకి ముందు వెనక టైర్లు రెండు చుట్లు దొర్లించమనండి, దుమ్ము అంతా దానికే వస్తుంది.

రెండోలేను (కావలి)

బ్రెయిడ్లు పది జతలు అదనంగా పెట్టుకోండి. ఆ రోజు అందరూ అడిగేది అవే.